ఒక క్రియకు రెండు క్రియలు

ఇంగ్లండు, స్పెయిను రాజ్యముల నడుమ యుద్ధమింకను సాగుచుండగనే, 1588లో స్పానిషు నౌకాదళము భగ్నమై మరలిన మూడేండ్లకు, రిచర్డు పెర్సివల్ అను నాంగ్లేయుడు స్పానిషు వ్యాకరణమును, స్పానిషు పదములకు ఆంగ్లమునను లాటినునను అర్థములు తెలుపు నిఘంటువును లండను నగరమున ప్రకటించెను. 1599లో జాన్ మిన్షూ దానిని విస్తరించి, ఆంగ్లపదము నుండి స్పానిషు పదమునకు పోవు భాగమును గూడ చేర్చెను. ఈ రెండవ త్రోవయే కష్టతరము. ‘సాబెర్’ అను స్పానిషు క్రియకు, ఎఱుగుట యని యర్థమిచ్చు ‘నో’ అను నాంగ్లక్రియను వ్రాయవచ్చును. ‘కొనోసెర్’ అనుదానికిని అదియే వ్రాయవచ్చును. కాని ‘నో’ను ముందిడుకొని, ఈ రెంటిలో నేది యెచ్చట వాడదగునో నిర్ణయించుట ఒక్క పంక్తిలో ముగియు పని కాదు.

ఈ చిక్కు నిఘంటుకారుల దోషము కాదు. రెండు భాషలును వేయేండ్లకు పైబడి నడచిన త్రోవలు వేఱగుటచే కలిగినది. ప్రాచీనాంగ్లమున ఎఱుకకు ‘విటన్’, ‘క్నావన్’ అని రెండు క్రియలుండెను. మొదటిది మన ‘విద్య’, ‘వేదము’ అను మాటలకు మూలమైన ‘విద్’ ధాతువునకు తోబుట్టువు. రెండవది ‘జ్ఞా’ ధాతువునకు. కాలక్రమమున మొదటిది వ్యవహారము నుండి జాఱి ‘విట్’ వంటి కొన్ని మాటలలో మాత్రము మిగులగా, రెండవదియే ‘నో’ యై రెండింటి భారమును మోయవలసివచ్చెను. స్పానిషు భాషయో, లాటిను నుండి వచ్చిన రెండు క్రియలను నేటికిని విడివిడిగనే నిలుపుకొన్నది: ‘జ్ఞా’ ధాతువు జాతిదైన ‘కొనోసెర్’ పరిచయమును, రుచి చూచుట యను అర్థముగల ‘సాపెరె’ నుండి పుట్టిన ‘సాబెర్’ విషయజ్ఞానమును దెలుపును. రుచి చూచిన నాలుకయే జ్ఞానమునకు పేరు పెట్టినదనుట నాకెంతయు ముచ్చటైన సంగతి.

ఉండుట, అగుట యని యర్థమిచ్చు ‘బీ’ అను నాంగ్లక్రియ కథ మఱింత విచిత్రము. ‘బీ’ రూపము మన ‘భూ’ ధాతువునకు, ‘ఈజ్’ ‘అస్’ ధాతువునకు, ‘వాజ్’ ‘వస్’ ధాతువునకు చుట్టములు. మూడు క్రియలు కలిసి యొక్కటైనవి. స్పానిషులో నడక వేఱు. లాటిను ‘ఎస్సె’తో, కూర్చుండుట యను అర్థముగల ‘సెదేరె’ కలిసి ‘సెర్’ కాగా, నిలుచుట యను అర్థముగల ‘స్తారె’ ‘ఎస్తార్’ అయినది. ఇది మన ‘స్థా’. తొల్లి స్పానిషులో ఒక వస్తువున్న చోటును జెప్పుటకును ‘సెర్’ వాడుక యుండెడిది. శతాబ్దములు గడచిన కొలది ‘ఎస్తార్’ ఆ పనిని చేపట్టెను. శాశ్వతమునకు ‘సెర్’, తాత్కాలికమునకు ‘ఎస్తార్’ అని బోధకులు చెప్పు సూత్రము నిలువదు. మరణమునకు మించిన శాశ్వతమేది? అయినను మరణించి యుండుటను స్పానిషువారు ‘ఎస్తార్’ తోడనే చెప్పుదురు. స్వరూపమును దెలుపునది ‘సెర్’, స్థితిని దెలుపునది ‘ఎస్తార్’ అనుట సమంజసము. ‘వెర్దె’ అను విశేషణము ‘సెర్’తో చేరినప్పుడు ఆపిలు పచ్చనిది, ‘ఎస్తార్’తో చేరినప్పుడు అది పచ్చికాయ, ఇంకను పండలేదు.

ఈ భేదము తెలుగువానికి కొత్త కాదు. ‘ఆతడు వైద్యుడు’ అనునెడ క్రియయే యక్కఱలేదు. ‘ఆతడింట నున్నాడు’ అనునెడ ‘ఉండు’ తప్పదు. ‘సాబెర్’ చోట ‘ఆ సంగతి నాకు తెలియును’ అందుము. ‘కొనోసెర్’ చోట ‘ఆయన నెఱుగుదును’ అందుము. ఆంగ్లేయులు ‘డూ’, ‘మేక్’ అని చీల్చునది స్పానిషువారికి ‘అసెర్’ ఒక్కటే. మనకును ‘చేయు’ ఒక్కటే. కావున స్పానిషు నేర్వగోరు తెలుగు విద్యార్థులు ‘నో’, ‘బీ’ అను నాంగ్లక్రియలను నడుమ నుంచుకొనక, తెలుగు వాక్యము నుండియే స్పానిషు వాక్యమునకు నేరుగా పోవుదురు గాక.