కుక్కపిల్ల కొనుగోలు

కుక్కపిల్ల కొనుగోలు అనగా ఇంట పెంచుకొనుటకై జాతి కుక్కపిల్లను దాని పెంపకందారు వద్ద వెల ఇచ్చి తీసుకొనుట. కుక్క సాధారణంగా 10 నుండి 14 సంవత్సరాలు జీవిస్తుంది కనుక ఇది ఒక పూటలో ముగిసే బేరం కాదు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోను, వీటి భాగాలతో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోను తొలిసారి కుక్కపిల్లను కొనదలచినవారు మంచి పెంపకందారును ఎట్లా గుర్తించాలి, ఎట్లా సంప్రదించాలి అన్నది ఈ వ్యాస విషయం.

నేపథ్యం

ఈ ప్రాంతపు పల్లెలలో కుక్కను కొనే ఆచారం లేదు. ఎరిగినవారి కుక్క ఈనినప్పుడు ఒక పిల్లను అడిగి తెచ్చుకొనేవారు, లేదా వీధిలో పుట్టిన పిల్లయే అన్నం పెట్టిన ఇంటికి అలవాటు పడేది. డబ్బు ఇచ్చి జాతి కుక్కను తెచ్చుకొనుట పట్టణాలలో తరువాత వచ్చిన అలవాటు. 2003లో హచ్ టెలిఫోను సంస్థ ప్రకటనలో ఒక బాలుని వెంట నడచిన పగ్ జాతి కుక్క దేశమంతటా ఆ జాతికి గిరాకీ తెచ్చింది. ఇళ్ళలో పామేరియన్ అని పిలిచే తెల్లని బొచ్చుకుక్కలలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఆంధ్రదేశపు స్వంత జాతి అయిన జోనంగి కొల్లేరు పరిసరాలకు చెందినది. బాతుల మందలను అదుపులో ఉంచుటకు కాపరులు దానిని పెంచేవారు.

విజయనగరం జిల్లాలోని అలమండ సంతలో ఎడ్లను కొనే రైతు పళ్ళు పట్టి చూడనిదే, నాలుగడుగులు నడిపించనిదే బయానా ఇవ్వడు. అటువంటి ఇంటిలో పుట్టి చదువుకున్నవారే ఫోనులో బొమ్మ చూసి, వేల రూపాయలు ముందుగా పంపి, కుక్కపిల్లను తెప్పించుకొనుట నేటి వింత. "పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను" అనే సామెత పెళ్ళి సంబంధాల గురించి చెప్పినదే అయినా, కుక్కపిల్ల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది.

పెంపకందారు, మారు వ్యాపారి

కుక్కపిల్లలను అమ్మేవారు రెండు విధాలు. తన ఇంట ఉన్న ఆడకుక్కకు తగిన జోడును వెదకి దాటించి, ఈనిన పిల్లలను పెంచి ఇచ్చేవాడు పెంపకందారు. ఎక్కడో పుట్టిన పిల్లలను టోకున తెచ్చి అమ్మేవాడు మారు వ్యాపారి. మొదటివాడు తన పిల్లలను పుట్టిన గంట నుండి ఎరుగును. రెండవవాడు వాటిని ఎరిగినది కొన్ని దినాలే.

వీరిని వేరుచేసి తెలుసుకొనుటకు చిన్న లెక్క ఉపకరిస్తుంది. ఆడకుక్క సుమారు ఆరేడు నెలలకు ఒకసారి ఎదకు వస్తుంది. చూలు కాలం సుమారు 63 దినాలు. పిల్ల తల్లిని విడచి వెళ్ళుటకు కనీసం 8 వారాలు కావాలి. అంటే జోడు కట్టిన దినం నుండి పిల్ల కొనేవారి ఇంటికి చేరుటకు నాలుగు నెలలు పడుతుంది. ఒకటి రెండు ఆడకుక్కలు ఉన్న ఇంటిలో సంవత్సరంలో అధికభాగం అమ్మకానికి పిల్లలే ఉండవు. కనుక "ఇప్పుడు లేవండి, వచ్చే ఈతకు పేరు రాసుకుంటాను" అన్న జవాబు నిరాశపరచినా మంచి సూచనయే. ఏ దినం అడిగినా, ఏ జాతి అడిగినా, "ఉన్నాయండి, రేపే పంపిస్తాం" అనేవాడు పెంపకందారు అయ్యే అవకాశం తక్కువ.

చట్టం

లా కమిషన్ 2015 ఆగస్టులో సమర్పించిన 261వ నివేదికలో కుక్కల పెంపకం, పెంపుడు జంతువుల దుకాణాలపై నియంత్రణ అవసరమని సూచించింది. తరువాత 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం క్రింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, విక్రయ నియమాలను, 2018లో పెంపుడు జంతువుల దుకాణాల నియమాలను ప్రకటించింది. 2017 నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆడకుక్కను 18 నెలలు నిండక ముందు గాని, 8 ఏళ్ళు దాటిన తరువాత గాని దాటించరాదు. వరుసగా రెండు ఎదలకు దాటించరాదు. జీవితకాలంలో 5 ఈతలకు మించరాదు. అమ్మిన పిల్లకు మైక్రోచిప్, టీకా వివరాలు, రసీదు ఉండాలి.

నియమాల అమలు అన్ని చోట్లా ఒకే తీరుగా లేదు. ఇంటిలో ఒక కుక్కను పెంచి, ఎప్పుడో ఒక ఈత పిల్లలను తెలిసినవారికి ఇచ్చేవారు నమోదు సంగతి విని ఉండకపోవచ్చు. అయినప్పటికీ "రిజిస్ట్రేషన్ ఉందాండీ?" అని అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు కంటే జవాబు చెప్పే తీరు ఎక్కువ తెలియజేస్తుంది.

కొన్ని జాతుల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ మొదలైన 23 జాతుల పెంపకం, అమ్మకాలకు అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. న్యాయస్థానం మాట ఎట్లున్నా, తొలిసారి కుక్కను పెంచేవారికి ఇవి తగిన జాతులు కావు.

మొదటి సంప్రదింపు

చాలామంది ఫోను చేయగానే అడిగే మాట "పిల్ల ఎంత?" అన్నది. పిల్లలను శ్రద్ధగా పెంచినవారికి ఈ మాట రుచించదు. కొనేవారు ముందుగా తమ సంగతి చెప్పుకొనుట మేలు: ఊరు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఆవరణ ఉన్నదా, ఇంటిలో చిన్నపిల్లలు, వృద్ధులు ఎవరున్నారు, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, మునుపు కుక్కను పెంచారా, ఇప్పుడు ఎందుకు కావాలి. ఇదే తొలిసారి అని దాచనవసరం లేదు. నేర్పదలచిన పెంపకందారుకు ఏమీ తెలియదని ఒప్పుకొనేవారే ఇష్టులు.

మంచి పెంపకందారు తిరిగి ప్రశ్నలు అడుగుతాడు. అద్దె ఇంటి యజమాని ఒప్పుకున్నాడా? ఊరికి వెళ్ళినప్పుడు కుక్కను ఎవరు చూస్తారు? శాకాహారుల ఇల్లయితే ఏమి పెడతారు? రేపు వద్దనుకుంటే ఏమి చేస్తారు? ఇవి కొందరికి అవమానంగా తోస్తాయి. డబ్బు ఇచ్చేవారిని ఈ పరీక్ష ఏమిటని కోపం వస్తుంది. కాని తన పిల్ల ఎక్కడికి పోతున్నదో అడగనివాడు రేపు ఆ పిల్లకు జబ్బు చేసినప్పుడు ఫోను ఎత్తుతాడని నమ్ముట కష్టం. పెంచలేని పరిస్థితి వస్తే తానే తిరిగి తీసుకుంటానని చెప్పేవాడు దొరికితే, పది వేలు ఎక్కువైనా అక్కడే తీసుకొనుట మంచిది.

కొనేవారు అడగవలసినవి కూడా ఉన్నాయి: తల్లి వయస్సు, ఇది ఎన్నవ ఈత, తండ్రి ఎవరిది, తల్లిదండ్రులకు తుంటి కీలు ఎక్స్‌రే తీయించారా, నట్టల మందు ఎన్నిసార్లు వేశారు, ఏ టీకా ఏ తేదీన వేశారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులలో తుంటి కీలు సరిగా కూర్చోని వంశపారంపర్య లోపం సాధారణం. పిల్లలో ఇది కంటికి కనబడదు, ఎదిగిన తరువాత కుంటిస్తుంది. కనుక తల్లిదండ్రుల ఎక్స్‌రేలే దీనికి ఆధారం.

తల్లిని చూచుట

పిల్లలను తల్లితో కూడా, అవి పుట్టి పెరిగిన చోటనే చూడాలి. బస్టాండులోనో, రైల్వే స్టేషనులోనో, "మీకెందుకండీ శ్రమ, సగం దారికి తెచ్చి ఇస్తాం" అనేవారి వద్ద తీసుకోరాదు. 2017 నియమాలు సైతం బహిరంగ స్థలాలలో అమ్మకాన్ని అనుమతించవు.

పాలిచ్చిన తల్లి పొదుగు సాగి ఉంటుంది, చన్నులు పెద్దవై ఉంటాయి. ఈనిన కొన్ని వారాలకు వెంట్రుకలు రాలి, ఒళ్ళు కొంత తగ్గి ఉండుట సహజం. అందుకు భయపడనక్కరలేదు. భయపడవలసినది ఆరు వారాల పిల్లల ప్రక్కన పొదుగు జాడే లేక నిగనిగలాడే కుక్కను నిలబెట్టి తల్లి అని చూపినప్పుడు. తల్లి స్వభావాన్ని గమనించాలి. క్రొత్తవారిని చూసి రెండు మొరుగులు మొరిగి యజమాని మాటకు శాంతించే తల్లి పిల్లలు సాధారణంగా నెమ్మదిగా ఉంటాయి. మూలకు పోయి వణికే తల్లిని చూసినవారు పిల్ల అందాన్ని చూసి మోసపోరాదు. తండ్రి అక్కడ లేకపోవుట దోషం కాదు. దాటుకు వేరొకరి మగకుక్కను తెచ్చి, రుసుముగా సొమ్ము గాని ఈతలో ఒక పిల్లను గాని ఇచ్చుట ఈ వృత్తిలో మామూలే.

ఒక తేడాను గుర్తించాలి. టీకా పడని పిల్లలను తాకనివ్వకుండా, చెప్పులు బయట విప్పించి, చేతులు కడిగించి, దూరం నుండి చూపే పెంపకందారు జాగ్రత్తపరుడు. తల్లిని అసలే చూపనివాడు వేరు. అదే దినం రెండు మూడు చోట్ల పిల్లలను చూడబోవుట కొనేవారు చేసే తప్పు. పార్వో వైరస్ చెప్పులకు, బట్టలకు అంటి ఒక ఇంటి నుండి మరొక ఇంటికి పోతుంది.

వయస్సు, ఆరోగ్యం

8 వారాలని చెప్పి 4, 5 వారాల పిల్లను అంటగట్టుట పాత మోసం. పిల్ల ఎంత చిన్నదైతే అంత ముద్దుగా ఉంటుంది, అమ్మేవానికి తిండి ఖర్చు కూడా మిగులుతుంది. ఇక్కడ సంత రైతు విద్యయే పనికివస్తుంది. కుక్కపిల్లకు పాలపళ్ళు మూడవ వారం నుండి మొలుస్తాయి, 8 వారాల నాటికి 28 పళ్ళూ వచ్చి ఉంటాయి. ముందు పళ్ళు సగమే పైకి వచ్చి, దవడ పళ్ళు కనబడని పిల్లకు రెండు నెలలు నిండలేదు. అటువంటి పిల్ల తోబుట్టువులతో ఆడుతూ, ఎంత గట్టిగా కరవవచ్చునో నేర్చుకొనే కాలాన్ని కోల్పోతుంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన గ్రంథం, మూడవ వారం నుండి సుమారు మూడు నెలల వరకు గల కాలం కుక్కపిల్ల స్వభావాన్ని మలచుటలో కీలకమని చూపినది.

బక్క శరీరానికి ఉబ్బిన పొట్ట ఉంటే నట్టలు ఉన్నట్లు అనుమానించాలి. ఈ పురుగులు తల్లి గర్భంలోనే పిల్లకు సంక్రమిస్తాయి కనుక శుభ్రమైన ఇంటిలోని పిల్లకూ రెండవ వారం నుండి మందు వేయాలి. కంట పుసి, దగ్గు, బొడ్డు వద్ద ఉబ్బు, చెవులలోను వేళ్ళ సందులలోను పిడుదులు ఉన్నాయేమో చూడాలి. పిడుదుల వలన వచ్చే జ్వరం తీర ప్రాంతపు ఉక్కలో ఏడాది పొడవునా పొంచి ఉంటుంది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది పార్వో. 1978లో ప్రపంచమంతటా వ్యాపించిన ఈ వైరస్ సోకిన కొన్ని దినాలకే వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు మొదలై, చికిత్స అందని పిల్లలు అనేకం చనిపోతాయి. వైరస్ మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. ఒక టీకా వేశారు కనుక భయం లేదనుకొనుట పొరపాటు. తల్లిపాల నుండి వచ్చిన రక్షణ ఉన్నంత కాలం టీకా పనిచేయకపోవచ్చు. అది ఎప్పుడు తగ్గునో పిల్ల పిల్లకు మారుతుంది. అందుకే 6 నుండి 8 వారాల వయస్సులో మొదలుపెట్టి, 2 నుండి 4 వారాల ఎడంతో, 16 వారాలు నిండే వరకు టీకాలు వేయిస్తారు. అంతవరకు వీధిలో దింపరాదు.

రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు. కనుక క్రొత్తగా తెచ్చిన పిల్ల పంటి గాటు పడినా, గోరు గీరినా, సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని సలహా తీసుకోవాలి. "ఇంటి పిల్లే కదా" అని ఊరుకొనరాదు. ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలలలో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది.

పత్రాలు

చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ధ్రువపత్రం వంశాన్ని తెలుపుతుంది. ఆరోగ్యాన్ని, స్వభావాన్ని తెలుపదు. "కాగితాలున్న" పిల్లకు ఒక ధర, లేనిదానికి మరొక ధర చెప్పుట పరిపాటి. కాగితాలు కొంటున్నవారు అందులోని మైక్రోచిప్ సంఖ్య పిల్ల శరీరంలోని చిప్‌తో సరిపోవునో లేదో చదువు యంత్రంతో చూపించమనాలి. "కాగితాలు తరువాత పంపుతాం" అన్నప్పుడు వాటి కొరకు అదనపు సొమ్ము ముందుగా ఇవ్వరాదు. అరుదైన రంగు పేరిట ఎక్కువ ధర అడిగేవారూ ఉన్నారు; లాబ్రడార్‌కు గుర్తింపు గల రంగులు నలుపు, పసుపు, చాక్లెట్ మాత్రమే.

టీకా పుస్తకంలో పశువైద్యుని సంతకం, ముద్ర, టీకా సీసాపై ఉండే చీటీ అతికించి ఉండాలి. తేదీ, పిల్ల వివరాలు, ధర, అమ్మినవారి చిరునామాతో రసీదు తీసుకోవాలి. తీసుకున్న రెండు మూడు దినాలలో తమ వైద్యునికి చూపించి, జబ్బు బయటపడితే తిరిగి ఇచ్చే షరతును అందులోనే వ్రాయించుట మంచిది. వివాదం వస్తే శ్రీకాకుళం, విజయనగరంలలోని జిల్లా వినియోగదారుల కమిషన్ల ముందు నిలిచే ఆధారం ఈ చీటీయే.

జాతి, వాతావరణం

సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి మంచు దేశపు జాతులు ఇక్కడి వేసవికి, గాలిలోని తేమకు తాళలేవు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు దగ్గుతూ రొప్పుట తప్పదు. కుక్క శరీరం చల్లబడేది ముఖ్యంగా నాలుక చాచి రొప్పుట వలననే కనుక వాటికి వడదెబ్బ త్వరగా తగులుతుంది. కొనేవారిది మేడ మీది రేకుల ఇల్లని తెలిసి హస్కీని ఇవ్వ నిరాకరించే పెంపకందారు ఉంటే అతనిని గుర్తుంచుకొని, తగిన జాతికి అతనినే సలహా అడగాలి. ఊరకుక్క పిల్లను పెంచుకొనుట కూడా తక్కువది కాదు. ఈ వాతావరణానికి అంతకంటె అలవాటుపడిన కుక్క లేదు. విశాఖపట్నంలోని విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ వంటి సంస్థలు దత్తతకు ఇస్తాయి.

ఇంటికి తెచ్చుట

జంతువుల రవాణాకు సంబంధించిన 1978 నియమాల ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని, రేబిస్ వంటి అంటువ్యాధి లక్షణాలు లేవని పశువైద్యుడు ఇచ్చిన పత్రం ఉండాలి. రైలులో గార్డు పెట్టెలోని కుక్కల గదిలో వంటరిగా పంపుట కంటె, కారులో ఒడిలో పెట్టుకొని చల్లని వేళ తెచ్చుట మేలు. బయలుదేరే ముందు కడుపునిండా పెట్టరాదు. తల్లి వాసన గల గుడ్డముక్క ఒకటి, అలవాటైన తిండి వారం దినాలకు సరిపడా పెంపకందారునే అడిగి తెచ్చుకోవాలి. మొదటి రెండు మూడు రాత్రులు పిల్ల ఏడుస్తుంది. తిండి మార్చదలచినవారు పాతదానిలో క్రొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది దినాలలో మార్చాలి. ఈ దినాలలో సందేహం వస్తే మొదట ఫోను చేయవలసినది పెంపకందారుకే.