స్వేచ్ఛాజీవి అమీబాలు: జన్యుపటం చెప్పిన జీవక్రియ

పరాన్నజీవులుగా మారకుండానే మట్టిలో, మంచినీటిలో బాక్టీరియాను తిని బతకగల ఏకకణ జీవులివి. కొత్తగూడెం చుట్టుపక్కల చెరువుగట్టు బురద చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, మిథ్యాపాదాలు చాచి మెల్లగా జరిగే అమీబాలు కనిపించవచ్చు.

2010లో వెలువడిన నెగ్లేరియా గ్రూబెరి అనే అమీబా జన్యుపటంలో 15,727 ప్రొటీన్ జన్యువులు తేలాయి. ఆక్సిజన్‌తో శ్వాసించే యంత్రాంగమంతా అందులో ఉంది. విశేషమేమిటంటే, ఆక్సిజన్ లేకుండా హైడ్రోజన్ వెలువరించే ఎంజైమ్ జన్యువు కూడా ఉంది. ఊపిరాడని బురద అడుగున బతకడానికి ఇది ఆసరా కావచ్చు. అయితే జన్యువు ఉన్నంత మాత్రాన కణం దాన్నే వాడుతుందనుకోకూడదు: గ్లూకోజ్ కంటే కొవ్వులనే ఈ అమీబా ఇష్టంగా వాడుకుంటుందని 2018లో ప్రయోగాలు చూపాయి.

అకాంతమీబా కాస్టెల్లానీ అనే మరో అమీబా జన్యుపటం 2013లో వచ్చింది. ఇతర జీవుల నుంచి, ముఖ్యంగా బాక్టీరియా నుంచి, చేరినవిగా భావించే జన్యువులు అందులో సుమారు 450. తడి ఆరిపోయినప్పుడు ఈ అమీబా సెల్యులోజ్ ఉన్న గట్టి గోడ కట్టుకుని సిస్టుగా ముడుచుకుంటుంది. కంటి నల్లగుడ్డుకు సోకినప్పుడు మందులకు తేలిగ్గా లొంగకపోవడానికి ముఖ్య కారణం ఆ గోడే. కాంటాక్ట్ లెన్సులు వాడనివారిలోనూ ఈ జబ్బు వస్తుందని హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ వైద్యులు నమోదు చేశారు. కంట్లో పడిన దుమ్ము, మురికినీరు అందుకు దారులు.