ఐబీఎం వెళ్ళిపోయాక మిగిలిన యంత్రాలు

పాత కంప్యూటరును పారేయకుండా ఇంకొన్నాళ్ళు వాడుకోవడమన్నది మనకు పొదుపు సంగతిగానో, చెత్త పెరగకుండా చూసే సంగతిగానో కనబడుతుంది. రెండూ నిజమే. అయితే మన దేశంలో కంప్యూటర్ల తొలినాళ్ళ చరిత్ర తిరగేస్తే ఆ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. యంత్రం పాతదైతే అయింది, దాని మూత తెరిచే హక్కు ఎవరిది?

ఐబీఎం సంస్థ 1401 అనే యంత్రాన్ని 1959 అక్టోబరులో ప్రకటించింది. వాల్వుల కాలం పోయి ట్రాన్సిస్టర్లు వచ్చిన తరం అది. దాని జ్ఞాపకశక్తి అతి చిన్న నమూనాలో 1,400 అక్షరాలు. ఎంత పెంచుకున్నా 16,000. (ఈ వ్యాసం ఆ చిన్న నమూనాలో పట్టదు. తెలుగక్షరాలకు అందులో చోటే లేదన్నది వేరే మాట!) 80 నిలువు వరుసల అట్టకార్డులకు చిల్లులు పొడిచి సమాచారం అందించాలి. దానితోపాటు వచ్చే 1403 అచ్చుయంత్రం నిమిషానికి 600 పంక్తులు కొట్టేది. జీతాల పట్టీలు, సరుకు రవాణా లెక్కలు, బిల్లులు దాని ముఖ్యమైన పనులు. అప్పట్లో దీన్ని కొనుక్కున్నవారికంటే నెలకింత అని అద్దె కట్టి వాడుకున్నవారే ఎక్కువ.

మన దేశానికి ఈ యంత్రం 1961లో బొంబాయిలోని ఎస్సో చమురు సంస్థ ద్వారా వచ్చింది. ఆ దశాబ్దంలోనే రైల్వేల కార్యాలయాలకూ చేరింది. ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1964లో ఐబీఎం తన సిస్టమ్ 360 వరుసను ప్రకటించడంతో పాశ్చాత్య దేశాల్లోని ఖాతాదారులు 1401లను వెనక్కి ఇచ్చేయసాగారు. అలా తిరిగొచ్చినవాటిలో కొన్నింటిని బొంబాయికి తెచ్చి, విప్పి, శుభ్రపరచి, మళ్ళీ బిగించి ఇక్కడ అద్దెకు ఇచ్చారు. అక్కడ విలువ తరిగిపోయిన యంత్రానికి ఇక్కడ భారీ అద్దె! 1970లలో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగానే తప్పుపట్టింది.

ఆ విమర్శలో సగంతోనే నేను ఏకీభవిస్తాను. పాత యంత్రం కావడం దానంతట దోషం కాదు. రైల్వే గుమాస్తా జీతంలో భవిష్యనిధి మినహాయించే లెక్కకు 1401 చక్కగా సరిపోతుంది. దోషం అద్దె ఒప్పందంలో ఉంది. యంత్రం మన గదిలో, మన కరెంటుతో నడుస్తున్నా, చెడితే బాగుచేసే పని ఐబీఎం ఇంజనీరుదే. వాడుకరికి కార్డులు అందించడం వరకే తెలుసు.

1973లో వచ్చిన విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకొమ్మంది. ఐబీఎం ఒప్పుకోలేదు. 1977లో కోకా-కోలా, 1978లో ఐబీఎం దేశం విడిచాయి. కోలా పోతే ఇంకో సీసా తాగవచ్చు. జీతాల పట్టీ కొట్టే యంత్రం ఆగిపోతే ఒకటో తారీకు గడిచేదెలా?

ఆ బాధ్యత కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌ది అయింది. మనం సీఎంసీగా ఎరిగిన ఈ ప్రభుత్వ సంస్థ 1975లో పుట్టింది. పేరులోనే 'మెయింటెనెన్స్' ఉండడం నాకు భలే నచ్చుతుంది. 1978లో దేశవ్యాప్తంగా 800కు పైగా చోట్ల ఐబీఎం యంత్రాల నిర్వహణను అది చేపట్టింది. తర్వాత ఇతర విదేశీ సంస్థల యంత్రాలనూ తలకెత్తుకుంది.

1401 ఒక విషయంలో ఉదారమైన యంత్రం. దాని తర్కమంతా చిన్న చిన్న సర్క్యూట్ పలకల్లో ఉంటుంది. ఒక్కో పలక మీద నాలుగైదు ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు. ఆసిలోస్కోపుతో సంకేతం ఎక్కడ తెగిందో వెతికి, ఆ పలకను ఊడబెరికి మరొకటి గుచ్చితే యంత్రం లేస్తుంది. పాడైన పలకనూ పారేయనక్కరలేదు; కాలిన ట్రాన్సిస్టరును టంకం కరిగించి మార్చుకోవచ్చు. అచ్చుయంత్రంలోని 132 సుత్తులు, కార్డులు లాగే చక్రాలు మాత్రం కుట్టుమిషను, ట్రాక్టరు బాగుచేసే చేతివాటం ఉన్నవాడికే లొంగుతాయి.

మన హైదరాబాదులో ఈసీఐఎల్ చేసిన టీడీసీ-12 (1969), టీడీసీ-316 గురించి చరిత్రలో కొన్ని పుటలైనా కనబడతాయి. కట్టినవారికి దక్కిన ఆ మాత్రం గౌరవం బాగుచేసినవారికి దక్కలేదు. పరాయి యంత్రాలను విప్పి నిలబెట్టిన ఆ సంస్థే 1986లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను నడిపించింది. ఈ రెండింటికీ సంబంధం ఉందనే నా నమ్మకం. ఎనిమిది వందల చోట్ల ఎనిమిది వందల రకాల చిక్కులు విప్పినవారికి తాము కట్టబోయేది ఎక్కడ తెగుతుందో ముందే తడుతుంది.

పాతదే మేలని వాదించడం లేదు సుమా. విండోస్ 98 నడిచే పెంటియం మీద యూనికోడ్ తెలుగు తెరిస్తే వరుసగా డబ్బాలు కనబడిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆ తర్వాత కూడా సీడీ పెట్టి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు కొడితే గానీ ఒత్తులు కుదురుగా కూర్చోలేదు. ఆ మార్పు మనకు నిజంగా అవసరమైంది, దానివల్లే రాయగలిగాం.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగియడం అలాంటిది కాదు. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసరు తరం పాతదనో విండోస్ 11 కాదన్న యంత్రాల్లో ఎన్నో నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసినవే. వాటిలో అరిగినది ఏదీ లేదు. లినక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్ళు నడుస్తాయి.

కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో స్వచ్ఛంద కార్యకర్తలు రెండు 1401లను బాగుచేసి నడుపుతున్నారు. ఒకటి జర్మనీ నుంచి, రెండోది కనెటికట్ నుంచి వచ్చింది. బాగుచేసినవారిలో విశ్రాంత ఐబీఎం ఇంజనీర్లున్నారు. యంత్రంతోపాటు ఇచ్చిన సర్క్యూట్ పటాలు కాగితం మీద మిగిలి ఉండడం వారికి పెద్ద అండ.

నేను ఇది టైపు చేస్తున్న ల్యాప్‌టాప్ 2012 నాటిది. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను, ర్యామ్ నాలుగు నుంచి ఎనిమిది జీబీ చేశాను. అడుగున రెండు మరలు విప్పితే చాలింది. నిరుడు ఇంట్లోకి కొన్న కొత్తదానిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం పెట్టి అతికించేశారు.