ఉన్నవాణ్ణి అడగండి

ప్యాకార్డ్ అనగానే నాబోటి కంప్యూటర్ వాళ్ళకి హెచ్‌పి ప్రింటరే గుర్తొస్తుంది. ఆ కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. ఈ ప్యాకార్డ్ ఒక కారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అమెరికాలో గొప్పింటి వాకిట్లో నిలబడ్డ కారంటే చాలాసార్లు ఇదే. క్యాడిలాక్‌కి ఆ హోదా తర్వాతెప్పుడో వచ్చింది.

కథ 1899లో ఒహాయో రాష్ట్రంలోని వారెన్ అనే ఊళ్ళో మొదలవుతుంది. జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ మెకానికల్ ఇంజనీరు. అన్న విలియమ్‌తో కలిసి కరెంటు సామాన్ల వ్యాపారం చేసేవాడు. వింటన్ కంపెనీ కారొకటి కొన్నాడు, అది మాటిమాటికీ మొరాయించింది. వెళ్ళి లోపాలు ఏకరువు పెడితే, అంత తెలిసినవాడివి నువ్వే చేసుకో అన్నాడట అలెగ్జాండర్ వింటన్. బగ్ రిపోర్ట్ రాస్తే ‘ప్యాచ్ నువ్వే పంపు’ అన్నట్టు! ప్యాకార్డ్ నిజంగానే పంపాడు. 1903లో కంపెనీ డెట్రాయిట్‌కి మారింది. ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద ఆల్బర్ట్ కాన్ గీసిన ఫ్యాక్టరీ లేచింది.

వాళ్ళ ప్రకటన ఒక్కటే వాక్యం: ఈ కారు గురించి అది ఉన్నవాణ్ణి అడగండి. ఇంగ్లీషులో ఇది మామూలు మాటే. తెలుగులో చెప్పుకుంటే మాత్రం గుట్టు బయటపడిపోతుంది. మనకి ‘ఉన్నవాడు’ అంటే వస్తువు ఉన్నవాడు కాదు కదా, కలిగినవాడు. ప్యాకార్డ్ అమ్మింది సరిగ్గా ఆ రెండో అర్థాన్నే. 1915లో పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్ తెచ్చారు. 1921లో వారెన్ హార్డింగ్ ప్రమాణ స్వీకారానికి అందులోనే వెళ్ళాడు. అంతకు ముందు అధ్యక్షులు గుర్రపు బగ్గీల్లో వెళ్ళేవారు.

1929 తర్వాత ఉన్నవాళ్ళే తగ్గిపోయారు. పియర్స్-యారో, డ్యూసెన్‌బర్గ్ లాంటివి ఆ దశాబ్దం దాటలేదు. ప్యాకార్డ్ 1935లో ‘వన్ ట్వంటీ’ అనే కారు దించింది. ధర వెయ్యి డాలర్ల అటూ ఇటూ. పెద్ద ప్యాకార్డ్ కొనాలంటే అందుకు మూడు నాలుగు రెట్లు పెట్టాలి. 1936లో వన్ ట్వంటీలు 55 వేలు తయారయ్యాయి. 1937లో ఇంకా చవకైన ఆరు సిలిండర్ల కారు వచ్చింది, మొత్తం ఉత్పత్తి లక్ష దాటింది.

ప్యాకార్డ్ అభిమానుల్లో ఒక వర్గం ఇక్కడే కంపెనీ చచ్చిపోయిందంటుంది. పక్కింటి గుమాస్తా కూడా ప్యాకార్డ్ కొన్నాక షావుకారుకి దాని మీద మోజెందుకుంటుందని వాళ్ళ వాదన. నాకిది జమీందారీ బాధలా వినిపిస్తుంది. చవక కారు లేకపోతే 1938 నాటికి ఏ కారూ ఉండేది కాదు. తప్పు చవక కారు చెయ్యడంలో లేదు, దానికి వేరే పేరు పెట్టకపోవడంలో ఉంది. జనరల్ మోటర్స్ వాళ్ళు చవక క్యాడిలాక్‌ని లసాల్ పేరుతో అమ్మి, అవసరం తీరాక 1940లో ఆపేశారు. క్యాడిలాక్ పేరుకి మరక పడలేదు. యుద్ధం అయ్యాక ప్యాకార్డ్ టాక్సీలు కూడా చేసి అమ్మింది. వీధి చివర అద్దెకి దొరికే బండిలో హోదా ఎక్కడ వెతుకుతాం?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకో నిర్ణయం. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1940 ప్రాంతంలో ప్యాకార్డ్ తన కార్ల బాడీలు తయారుచేసే పని బ్రిగ్స్ అనే బయటి కంపెనీకి ఇచ్చేసింది. ఖర్చు తగ్గుతుందని లెక్క. అదే 1940లో, బ్రిటన్ కోసం మెర్లిన్ విమాన ఇంజన్లు చెయ్యనని హెన్రీ ఫోర్డ్ మొండికేస్తే, ప్యాకార్డ్ ఒప్పుకుంది. రోల్స్-రాయిస్ చేతిపనితనానికి గీసిన డ్రాయింగులన్నీ భారీ ఉత్పత్తికి తగ్గట్టు తిరిగి గీసుకుని, 55 వేలకు పైగా ఇంజన్లు చేసింది. మస్టాంగ్ యుద్ధ విమానం పేరు తెచ్చుకుంది వాటితోనే. అంతటి ఇంజనీర్లున్న కంపెనీ, తన కారు ఒంటి మీది రేకు మాత్రం పరాయివాడి చేతిలో పెట్టింది.

1953 చివర్లో బ్రిగ్స్‌ని క్రైస్లర్ కొనేసింది. అంటే రాత్రికి రాత్రి ప్యాకార్డ్ బాడీలు పోటీదారు చేతికెళ్ళాయి. 1954 తర్వాత ఇవ్వం, మీ దారి మీరు చూసుకోండి అన్నారు. మన భాషలో చెప్పాలంటే, మొత్తం సిస్టం ఆధారపడ్డ లైబ్రరీని పోటీ కంపెనీ కొనేసి సపోర్ట్ ఆపెయ్యడం. ప్యాకార్డ్ హడావుడిగా కానర్ అవెన్యూలోని ఇరుకు షెడ్డులోకి అసెంబ్లీ లైను మార్చింది.

అక్కడి నుంచి వచ్చిన 1955 కారే నాకు అన్నిట్లోకీ ఇష్టం. కొత్త వి-ఎయిట్ ఇంజను. స్ప్రింగుల బదులు ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలిపే పొడవాటి టార్షన్ కడ్డీలు. బరువెక్కితే ఒక ఎలక్ట్రిక్ మోటారు కొన్ని సెకన్లు ఆగి (గతుకు పడ్డ ప్రతిసారీ స్పందించకుండా) కారుని సమం చేసేది. ఆ ఆలస్యం కావాలని పెట్టిందే, దాన్ని ఆలోచించిన బుర్రకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ ఇరుకు షెడ్డులో తలుపులు సరిగ్గా అమరక, బిగింపులు కుదరక, కొన్నవాళ్ళు విసుక్కున్నారు. ఉన్నవాణ్ణి అడిగితే ఏం చెప్పాడో ఊహించొచ్చు.

1954లోనే స్టూడిబేకర్‌ని కలుపుకున్నారు, దాని నష్టాలు లోపలికెళ్ళాకే పూర్తిగా తెలిశాయి. 1956 జూన్ 25న డెట్రాయిట్‌లో చివరి ప్యాకార్డ్ తయారైంది. తర్వాత రెండేళ్ళు సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు. జనం వాటిని ప్యాకార్డ్‌బేకర్లని ఎగతాళి చేశారు.

డెట్రాయిట్ అంటే మనవాళ్ళకి నోవై, ట్రాయ్ లాంటి శివార్లే. ఊళ్ళో ఆ ఫ్యాక్టరీ దశాబ్దాలు శిథిలంగా నిలబడి, 2022లో మొదలుపెట్టి కూల్చేదాకా ఫొటోలవాళ్ళకి పని కల్పించింది. అన్నదమ్ములు వారెన్‌లో పెట్టిన కరెంటు కంపెనీ మాత్రం బతికింది. ప్యాకార్డ్ ఎలక్ట్రిక్‌ని 1932లోనే జనరల్ మోటర్స్ కొనుక్కుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు క్యాడిలాక్ కార్లు నడిచింది ప్యాకార్డ్ వైర్లతోనే.