లెక్కలో మనుషులు, ఓటులో మనుషులు
అమెరికా అధ్యక్ష ఎన్నిక – భద్రాచలం అంచు నుంచి ఒక చూపు

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడల్లా మన పత్రికలు ఏనుగు గుర్తు, గాడిద గుర్తు వేసి, ఎవరు గెలిస్తే మనవాళ్ల వీసాలకు ఏమవుతుందని లెక్కలు కడతాయి. ఆ లెక్కలో ఖమ్మం – భద్రాచలం అడవి అంచు పల్లెలు లేవు. ఆ పల్లెల నుంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాబోటి వాళ్లకు అమెరికా ఎన్నిక మరోలా కనబడుతుంది. ఓటు చేతికొస్తే సరిపోదు. ఆ ఓటును ఎవరు గీసిన గీతలో వేస్తున్నాం, అభ్యర్థిని ముందే ఎవరు జల్లెడ పట్టారు, లెక్క ఎలా కట్టారు – అధికారం ఈ మూడింటి దగ్గరే తేలుతుంది.

అయిదుగురు ముగ్గురైన లెక్క

అమెరికా అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. ప్రతి రాష్ట్రానికి దిగువసభలో ఎన్ని సీట్లున్నాయో, దానికి సెనేటు సీట్లు రెండు కలిపి అంతమంది ఎలక్టర్లు. రాజధాని వాషింగ్టన్‌కు ముగ్గురు. మొత్తం 538, గెలవడానికి 270 కావాలి. రెండు రాష్ట్రాలు తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ గెలిచినవాడికే. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ అధ్యక్షుడయ్యాడు.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది? 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినప్పుడు దక్షిణాది రాష్ట్రాలకు ఒక చిక్కొచ్చింది. అక్కడ జనం చాలామందే, కానీ వాళ్లలో పెద్ద భాగం బానిసలు. బానిసకు ఓటు లేదు. నేరుగా ఎన్నిక పెడితే దక్షిణాది నష్టపోతుందని మాడిసన్ సభలోనే చెప్పాడు. సీట్ల కోసం అయిదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా లెక్కగట్టాలని ఒప్పందం కుదిరింది. ఆ లెక్కే ఎలక్టర్ల సంఖ్యలోకీ వచ్చింది. బానిస తలను లెక్కలో వేసుకుని, ఓటును యజమాని వేశాడు. 1789 నుంచి 1825 దాకా 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియా బానిస యజమానులే అధ్యక్షులయ్యారంటే ఆశ్చర్యం ఏముంది?

బానిసత్వం విస్తరించడాన్ని వ్యతిరేకిస్తూ 1854లో రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1860లో లింకన్ గెలిచాడు, అంతర్యుద్ధం వచ్చింది, 1870లో 15వ సవరణతో నల్లజాతి పురుషులకు ఓటు వచ్చింది. కానీ 1876 ఎన్నికలో 20 ఎలక్టర్ల మీద వివాదం లేచింది. రిపబ్లికన్ హేస్ 185–184తో, ఒక్క ఓటు తేడాతో, అధ్యక్షుడయ్యాడు. 1877లో దక్షిణాదిలో కాపలా ఉన్న కేంద్ర సైన్యాన్ని తీసేశారు. తర్వాత తల పన్ను, చదువు పరీక్ష, కొరడా, ఉరితాడు – అన్నీ కలిపి నల్లవాళ్ల ఓటును ఊడబెరికాయి. ఇప్పుడు నల్లమనిషి లెక్కలో నిండు మనిషి, ఓటులో సున్నా. బానిసత్వం పోయాక దక్షిణాది దొరలకు సీట్లు ఇంకా పెరిగాయి!

జల్లెడ ఎవరి చేతిలో?

దక్షిణాదిలో డెమొక్రాటిక్ పార్టీదే ఏకఛత్రం కాబట్టి పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీయే అసలు ఎన్నిక. ఆ ప్రైమరీలో తెల్లవాళ్లకే ఓటని రూలు పెట్టారు. 1944లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నల్లవాళ్ల ఓటుకు గట్టి రక్షణ 1965 చట్టంతో గానీ రాలేదు. 2013లో అదే కోర్టు ఆ చట్టం కోరల్లో ముఖ్యమైనదాన్ని పీకేసింది.

మనకూ ఒక ప్రైమరీ ఉండేదని ఎంతమంది విద్యార్థులకు తెలుసు? 1932 సెప్టెంబర్ 24 నాటి పూనా ఒప్పందం 148 సీట్లు ఇచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 30. రిజర్వుడు సీటుకు ముందు అంటరాని కులాల ఓటర్లే నలుగురిని ఎంచాలి. ఆ నలుగురిలో ఒకరిని తర్వాత అందరూ కలిసి ఎన్నుకోవాలి. అక్కడ తెల్లవాళ్లు మొదటి జల్లెడ పట్టుకున్నారు, ఇక్కడ సవర్ణులు చివరి జల్లెడ పట్టుకున్నారు. రెండుచోట్లా తీర్పు చెప్పే చెయ్యి ఒకటే. 1945–46లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థులు ప్రైమరీలో బలం చూపి, తుది ఎన్నికలో ఓడిపోయింది ఇందుకే. రాజ్యాంగం వచ్చాక ఆ మొదటి జల్లెడ కూడా మన చేతిలో లేదు. మధిర అయినా సత్తుపల్లి అయినా, సీటు మనదే, టికెట్టు మాత్రం పార్టీ ఆఫీసుది.

భద్రాచలం గీతలు

గీత ఎవరు గీస్తారో తెలియాలంటే భద్రాచలం చరిత్ర చూడాలి. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్లకు, 1874లో మద్రాసు రాష్ట్రంలోకి. 1935 చట్టం కింద తూర్పు గోదావరి ఏజెన్సీ పాక్షిక మినహాయింపు ప్రాంతం. శాసనసభ చేసిన చట్టం అక్కడ నడవాలంటే గవర్నర్ మాట కావాలి. గోదావరి ఇవతల నిజాం ఇలాకాలో వయోజన ఓటే 1952లో గానీ రాలేదు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1967లో ఎస్టీ లోక్‌సభ స్థానంగా ఎన్నికకు వెళ్లింది. 2008 పునర్విభజనలో ఆ స్థానమే మాయమైంది.

2014 ఏప్రిల్ 30న ఇక్కడి జనం తెలంగాణ అసెంబ్లీకి ఓటు వేశారు. మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం పట్నం వదిలేసి చుట్టూ ఉన్న ఊళ్లు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలంలో గెలిచిన సీపీఎం ఎమ్మెల్యే సున్నం రాజయ్య తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు; ఆయన సొంత మండలం వి.ఆర్.పురం ఆంధ్రాలో ఉంది. ముంపు, పరిహారం, పునరావాసం నిర్ణయించే సభ ఒకటి, ఈ జనం ఓటేసిన సభ ఇంకొకటి. 2018లో ఆ మండలాలను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో కలిపారు. ఆంధ్ర అసెంబ్లీకి ఓటు వేసింది 2019లో. అయిదేళ్లు వీళ్లు ముంపు లెక్కలో ఉన్నారు, ఓటు లెక్కలో లేరు.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ అమెరికా పద్ధతిని, పార్లమెంటరీ పద్ధతిని పక్కపక్కన పెట్టి చూపారు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీ తక్కువ. మనకు జవాబుదారీ ముఖ్యం అన్నారు. సభలో ప్రశ్న, తీర్మానం, అవిశ్వాసం – వీటితో ప్రభుత్వాన్ని రోజూ నిలదీయొచ్చన్నది ఆయన వాదన. కానీ నిలదీసే మనిషి ఆ సభలో ఉండాలి కదా! ముంపు కోయలకు, కొండరెడ్లకు, వాళ్ల పక్కన బతికే మాల మాదిగలకు ఆ మనిషినే లేకుండా చేశారు.

మన గూడేల్లో ఇంకో ప్రశ్న ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలవే. భూమి పోగొట్టుకున్న ఆదివాసీకి అది న్యాయమే. దాని మీద మనకు తగువు లేదు. కానీ అక్కడి దళితుడు సర్పంచ్‌కు ఓటేయొచ్చు గానీ నిలబడలేడు. ఈ వెలితిని కోయలతో పోట్లాడి కాదు, వాళ్లతో కలిసి గ్రామసభలో తేల్చుకోవాలి. లేకపోతే మధ్యలో గెలిచేది వలస వచ్చిన భూస్వామే.

2017లో రాష్ట్రపతి పదవికి పోటీపడిన ఇద్దరూ దళితులే. 2022లో సంతాల్ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గెలిచారు. గౌరవమే. కానీ పీఠం మీద ఎవరున్నారన్న దానికంటే గీత ఎవరు గీశారన్నది గూడేనికి ముఖ్యం. 84వ సవరణ ప్రకారం లోక్‌సభ, అసెంబ్లీ సీట్ల లెక్క 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆగి ఉంది. కొత్త గీతలు పడక ముందే ఎటపాక, కన్నాయిగూడెం లాంటి ఊళ్ల జనాన్ని కూర్చోబెట్టి అడగాలి: మీరు ఏ సభకు జవాబు చెప్పించుకోవాలనుకుంటున్నారు? గీత పడ్డాక అడిగితే ఆ జవాబుకు విలువుండదు.