డాన్స్‌హాల్: వీధిలో పుట్టిన అడుగుల చరిత్ర

ఈసారి జమైకా వాళ్ల డాన్స్‌హాల్ గురించి రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

జమైకా కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి చెరకు తోటల్లో పని చేయించిన వాళ్ల సంతతే అక్కడ ఎక్కువ. బ్రిటిష్ వాళ్ల నుంచి 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు ముందే, 1950లలోనే రాజధాని కింగ్‌స్టన్ పేద పేటల్లో సౌండ్ సిస్టమ్‌లు మోగాయి. పెద్ద క్లబ్బులకు వెళ్లే డబ్బు పేదలకు ఎక్కడిది? అందుకే ఖాళీ జాగాలో పెద్ద పెద్ద స్పీకర్లు, రికార్డు ప్లేయరు పెట్టి ఆడేవాళ్లు. ఆ ఆట జాగా పేరే డాన్స్‌హాల్. 1970ల చివర్లో రెగే నుంచి వచ్చిన కొత్త పాటకూ అదే పేరు పడింది.

ఈ పాటల్లో ఒకే ట్రాక్ మీద ఎంతమందైనా తమ తమ పాటలు కట్టుకోవచ్చు. ఆ ట్రాక్‌ని రిడిమ్ అంటారు. 1985లో వేన్ స్మిత్ పాడిన 'అండర్ మి స్లెంగ్ టెంగ్'కి రిడిమ్ ఒక చిన్న కాసియో కీబోర్డులో ముందే ఉన్న బీటు. బ్యాండు లేకపోయినా పాట చేయొచ్చని దాంతో తేలిపోయింది.

పాడేది పాట్వాలో. అక్కడ బడిలో, కోర్టులో ఇంగ్లీషు, ఇంట్లో పాట్వా. దాన్ని చాలా కాలం చెడిపోయిన ఇంగ్లీషు అని చిన్నచూపు చూశారు. ఇంటి భాష మాట్లాడితే నవ్వేవాళ్లు ఎలా ఉంటారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అడుగుల సంగతి. జెరాల్డ్ లెవీ అనే డాన్సర్‌ని అందరూ బోగిల్ అనేవాళ్లు. ఒళ్లంతా అలలా ఊపుతూ చేతులు పైకీ కిందికీ ఆడించే అతని స్టెప్పుకీ ఆ పేరే. 1992లో బుజు బాంటన్ ఆ పేరుతోనే పాట పాడాడు. విల్లీ బౌన్స్, లాగ్ ఆన్ లాంటి స్టెప్పులూ బోగిల్‌వే. 2005లో అతన్ని కింగ్‌స్టన్‌లో కాల్చి చంపారు.

ఆ పేరు జమైకాకి కొత్త కాదు. 1865లో మోరంట్ బేలో పేద నల్లజాతి రైతులతో కలిసి తిరగబడిన పాల్ బోగిల్‌ని బ్రిటిష్ వాళ్లు ఉరి తీశారు. ఇప్పుడు ఆయన ఆ దేశపు జాతీయ వీరుడు.

డాన్స్‌హాల్‌లో అంతా మంచే అనను. కొన్ని పాటల్లో తుపాకుల గొప్పలు, ఆడవాళ్ల మీద, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం ఉన్నాయి. వాటిని తప్పు పట్టాల్సిందే. కానీ పేదల ఆట మొత్తాన్నీ గోల అని కొట్టిపారేయడం వేరు. 1997లో అక్కడ రాత్రి శబ్దాల మీద చట్టం వచ్చింది, అయినా వీధి ఆట ఆగలేదు.

పాటకి రికార్డు మీద పాడినవాళ్ల పేరు ఉంటుంది. అడుగుకి ఆ రికార్డు ఉండదు. నలుగురూ తలుచుకుంటేనే ఆ పేరు నిలుస్తుంది. అందుకే ఎక్కడ ఏ స్టెప్పు నచ్చినా, దాన్ని మొదట వేసింది ఎవరో అడగండి, తెలిస్తే పక్కవాళ్లకి చెప్పండి.