కప్పు గెలిచిన జట్లకు సంబళం బాకీ



పోయిన నెల మైన్స్ మూతపడిన సంగతి రాసినాక ఇద్దరు పిలకాయలు ఫోను చేసి, "ఎప్పుడూ గని గురించేనా, ఆటల చరిత్ర రాయకూడదా?" అని అడిగినారు. రాస్తాం. కానీ మేం రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. ఆట చూసినా మా కన్ను స్కోరు బోర్డు దగ్గర నిలవదు, పే బిల్లు దగ్గరికి పోతుంది. ఆడినవాళ్లకు సంబళం ఎవరిచ్చినారు, ఎవరు ఎగ్గొట్టినారు అన్నదే ఈ చరిత్ర. మన సంఘంలో ఇప్పుడు నడుస్తున్న వేలంపాట క్రికెట్ మాటకు కూడా ఇది పనికొస్తుంది. ఆ సంగతి చివర్లో.

ముందు పాతకాలం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకుపోయింది కూడా ఆయనే. ఇక మా రైల్వేలో పి.కె. బెనర్జీ. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి పెద్ద క్లబ్బులు ఉన్న కలకత్తాలో ఉండి కూడా ఆయన ఈస్టర్న్ రైల్వేకే ఆడినాడు. 1958లో ఆ రైల్వే జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. వీళ్లంతా డిపార్టుమెంటు ఉద్యోగులు. గ్రేడుకు ఎంతో అంతే సంబళం. గోల్ కొట్టినా అంతే, కొట్టకపోయినా అంతే. తక్కువే, ఒప్పుకుంటాం. కానీ ఆ దుడ్లకు బడ్జెట్‌లో పద్దు ఉండేది. జట్టు ఓడిపోయిందని ఎవరి జీతమూ ఆగలేదు. రిటైరైన తరువాత పెన్షన్ కూడా వచ్చేది.

తరువాత ఆటే ఉద్యోగం అయింది. అప్పుడు కొత్త చిక్కు పుట్టింది. దుడ్లున్న క్లబ్బు మంచి ఆటగాళ్లనందరినీ కొనేస్తే తక్కిన క్లబ్బులు దేనికి? పోటీలో రుచి పోతుంది. దానితో పోటీపడి పేద క్లబ్బు అప్పుచేసి మునుగుతుంది. అందుకే సాలరీ క్యాప్ అనే పద్ధతి తెచ్చినారు. ఒక జట్టు తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వకూడదు అని గీత గీయడం.

ఈ గీతను దాటితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. అక్కడ రగ్బీ లీగ్ అని పదముగ్గురేసి ఆడే ఆట ఉంది, మనవాళ్లకు పెద్దగా తెలీదు. అందులో మెల్బోర్న్ స్టార్మ్ అనే జట్టు 2007లో, 2009లో చాంపియన్ అయింది. 2010 ఏప్రిల్‌లో గుట్టు బయటపడింది. ఆటగాళ్లతో రెండేసి ఒప్పందాలు రాసుకున్నారు. ఒకటి లీగ్‌కు చూపించేది, ఇంకొకటి బీరువాలో దాచేది. ఐదేళ్లలో దాటించిన మొత్తం 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పైమాట అని తరువాత తేలింది. రెండు కప్పులూ వెనక్కి లాక్కున్నారు, జరిమానా వేసినారు. ఆ ఏడాది మిగిలిన మ్యాచ్‌లన్నీ ఒక్క పాయింటు కూడా రాకుండా ఆడించినారు. గెలిచినా సున్నానే! రెండు లెడ్జర్లు రాసేవాడికి ఇంతకంటే మంచి శిక్ష మేం ఎక్కడా చూడలేదు.

మన హైదరాబాదు కథ దీనికి తలకిందులు. ఇక్కడ ఎవరి మీదా గీత దాటినారనే ఫిర్యాదు లేదు. గీత లోపల రాసుకున్న దుడ్లు కూడా ఇవ్వలేదనేదే ఫిర్యాదు.

2008 జనవరిలో ఐపీఎల్ జట్లను వేలం వేసినప్పుడు దక్కన్ క్రానికల్ పత్రిక కంపెనీ హైదరాబాదు జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుంది. అది పదేళ్లలో బోర్డుకు కట్టాల్సిన బాకీ. అంటే ఏడాదికి కోటీ 7 లక్షల డాలర్లు. మరి ఆ మొదటి ఏడాది ఆటగాళ్లందరికీ కలిపి సాలరీ క్యాప్ ఎంత? 50 లక్షల డాలర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆడేవాడి జీతానికి గీత గీసినారు. పాడేవాడి పాటకు గీత లేదు. జీతాలకు రెండింతల సొమ్ము జట్టు పేరు కోసమే ఏటా కట్టాలి. తరువాత జట్టు మునిగితే మాత్రం "ఆటగాళ్లకు కోట్లు పోసి మునిగినారు" అని టీ అంగట్లో మాట్లాడుకుంటాం.

ఇక్కడ వి.వి.ఎస్. లక్ష్మణ్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్ లాంటివాళ్లకు వాళ్ల ఊరి జట్లలో 'ఐకాన్' హోదా ఇచ్చినారు. జట్టులో అందరికంటే ఎక్కువకు కొన్న ఆటగాడి కన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి వాళ్లకు. లక్ష్మణ్‌కూ హైదరాబాదులో ఆ హోదా వచ్చేదే. ఆయన వద్దన్నాడు. నాకిచ్చే దుడ్లు మిగిలితే వేలంలో ఇంకా మంచి ఆటగాళ్లు వస్తారని లెక్క. ఆ వేలంలో హైదరాబాదు ఆండ్రూ సైమండ్స్‌కు 13 లక్షల 50 వేల డాలర్లు పెట్టింది. లక్ష్మణ్‌కు వచ్చింది 3 లక్షల 75 వేలు. ఐకాన్‌గా ఉండి ఉంటే 15 లక్షల డాలర్లు దాటేది. ఎంత వదిలేసినాడో మీరే తీసివేత చేసుకోండి. మేం అయితే రెండుసార్లు చేసి చూసినాం.

మొదటి ఏడాది ఆ జట్టు అట్టడుగున నిలిచింది. రెండో ఏడాది, 2009లో, మన దేశంలో ఎన్నికలని పోటీలు దక్షిణాఫ్రికాలో పెట్టినారు. మే 24న జోహానెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్కన్ చార్జర్స్ 143 కొట్టింది. కుంబ్లే 16 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసినా బెంగళూరు ఆరు పరుగులతో ఓడింది. ఆ రాత్రి రాబర్ట్‌సన్‌పేటలో ఒకే ఇంట్లో సంతోషపడినవాళ్లు, ఏడ్చినవాళ్లు ఉన్నారు. తెలుగు మాట్లాడతాం, బెంగళూరుకు కేకలు వేస్తాం, మన బతుకు అట్లాంటిది.

మూడేళ్లు తిరిగినాయి. 2012కు దక్కన్ క్రానికల్ కంపెనీ బ్యాంకుల అప్పుల్లో కూరుకుపోయింది. ఆటగాళ్ల ఫీజులు బాకీ పడినాయి. జట్టును అమ్మకానికి పెట్టినారు. సెప్టెంబరు 13న చెన్నైలో వేలం పెడితే ఒకే ఒక్క పాట వచ్చింది, పీవీపీ వెంచర్స్ వాళ్లది, రూ.900 కోట్లు. కంపెనీ ఒప్పుకోలేదు. మరునాడే బోర్డు జట్టును రద్దు చేసింది. కంపెనీ బొంబాయి హైకోర్టుకు పోయింది. రూ.100 కోట్ల బ్యాంకు గ్యారంటీ తెస్తే జట్టు నిలబడుతుంది అన్నారు. గడువు పొడిగించినా తేలేకపోయినారు. రూ.900 కోట్లు చాలదన్న చోట, నెల తిరగకముందే 100 కోట్లకు పూచీ దొరకలేదు. అక్టోబరులో జట్టు కథ ముగిసింది. అదే నెల 25న హైదరాబాదు హక్కును సన్ టీవీ ఏడాదికి రూ.85.05 కోట్లకు తీసుకుంది. అదే ఇప్పటి సన్‌రైజర్స్. 2016లో వాళ్లూ ఫైనల్లో బెంగళూరునే ఓడించినారు, అదీ బెంగళూరులోనే. దాని గురించి ఎక్కువ రాస్తే మా ఇంట్లోనే అన్నం పుట్టదు.

కోర్టు కథ ఇంకా సాగింది. రద్దు తప్పని 2020లో మధ్యవర్తి తీర్పు చెప్పి, కంపెనీకి రూ.4,800 కోట్ల పైచిలుకు ఇవ్వమన్నారు. 2021 జూన్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇన్ని వేల కోట్ల వాదనలో ఆటగాడి బాకీ అనే మాట ఎక్కడో అడుగున పడిపోయింది.

సరే, ఇది క్రికెట్, పెద్దింటి గొడవ అనుకుంటే ఫుట్‌బాల్ చూడండి. 2019లో పుణె సిటీ అనే జట్టు నష్టాలతో మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. రహీం గారి ఊరికి మళ్లీ పెద్ద ఫుట్‌బాల్ వచ్చిందని పాతవాళ్లు ఎంతో ఆశపడినారు. మొదటి ఏడాది ఇదీ అట్టడుగే. తరువాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, పేరులేని మన పిలకాయలను తీర్చిదిద్దినాడు. ఆ రోజుల్లో ఇండియన్ సూపర్ లీగ్ సాలరీ క్యాప్ జట్టుకు రూ.16.5 కోట్లు. ఆ గీతలోపలే 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చినారు. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినాడు. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

ఆ మరుసటి ఏడాది, 2023-24లో, జీతాలు ఆగినాయి. బాకీలు తీర్చేదాకా కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదని నిషేధం పడింది. జనవరికి పేరున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయినారు. మిగిలిన చిన్న పిలకాయలతోనే మ్యాచ్‌లు నడిపించినారు. 22 మ్యాచ్‌లలో ఒకటే గెలుపు, ఎనిమిది పాయింట్లు. రెండేళ్ల కిందట కప్పెత్తిన జట్టు ఇది! తరువాత జిందాల్ గ్రూపు ఒకటి తీసుకుంది. 2025లో జట్టును ఢిల్లీకి మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టినారు. హైదరాబాదుకు ఆ జట్టు లేకుండా పోయింది.

రెండు జట్లలోనూ గీత ఉంది. దాన్ని కాపలా కాయడానికి ఆఫీసు ఉంది, ఆడిటర్లు ఉన్నారు. ఎక్కువ ఇస్తున్నారా అని చూసేవాళ్లు ఉన్నారు గానీ, ఒప్పుకున్నది ఇవ్వడానికి పెట్టెలో దుడ్లు ఉన్నాయా అని ముందుగా చూసినవాళ్లు తక్కువ. మా అభిప్రాయంలో తప్పు అక్కడుంది.

గోల్డ్ ఫీల్డ్స్‌వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? మన బంగారాన్ని ప్రభుత్వం చాలా ఏళ్లు బయట మార్కెట్ ధరకు కొనలేదు, అంతర్జాతీయ అధికారిక ధరకే తీసుకుంది. వచ్చేదానికి గీత గీసినారు. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతుకు దిగే ఖర్చుకు ఎవరు గీత గీయగలరు? లెక్కల్లో నష్టం పేరుకుంది. 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. నష్టానికి కారణం కూలివాడి జీతం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు.

ఇప్పుడు మన సంగతి. సంక్రాంతికి ఆరు జట్లతో వేలంపాట క్రికెట్ పెడతామని పిలకాయలు కమిటీకి కాగితం ఇచ్చినారు. మంచిదే, మేం అడ్డు చెప్పం. జట్టుకు 40 వేలకు మించి పాడకూడదని నియమం రాసుకున్నారు, అదీ మంచిదే. కానీ ఆ కాగితంలో జట్టు తీసుకునేవాళ్లు దుడ్లు ఎప్పుడు కట్టాలో లేదు. "ఫైనల్ అయినాక సర్దుతాం" అంటున్నారట. బంగారుపేట నుంచి, ముళబాగిలు నుంచి వచ్చి ఆడే పిలకాయలు దినకూలి వదులుకొని వస్తారు. ఓడిన జట్టు యజమాని ఫోనెత్తకపోతే వాళ్లు ఎవరిని అడగాలి? మన సంఘం బోర్డు కిందే కదా నిలబడి అడుగుతారు.

వచ్చే ఆదివారం మీటింగులో మేం ఒక తీర్మానం పెడతాం. 40 వేలూ వేలానికి వారం ముందే సంఘం ఖాతాలో జమ కావాలి. కట్టినవాళ్లకే పాటలో కుర్చీ. పాడుకున్న మొత్తం ఎవరికెంతో అదే రోజు చిట్టాలో రాసి ఆటగాడి సంతకం తీసుకోవాలి. లీగ్ మ్యాచ్‌లు ముగిసిన రోజు సగం, ఫైనల్ రోజు సగం, సంఘం చేతి మీదుగానే బట్వాడా. జమలు, చెల్లింపులు రాసే పని ఎవరూ తీసుకోకపోతే మేమే తీసుకుంటాం, ముప్పై ఏళ్లు చేసిన పనే. కోరం లేక పోయిన రెండు మీటింగులు వాయిదా పడినాయి. ఈసారి పదకొండుకల్లా రండి.